ఏడు కిలోల అబద్ధం

భార్యకు దొరకని మందు కోడలికి దొరికింది. అదీ నడుము సన్నబడటానికి. ఇందులో వాదించడానికి ఏమీ లేదని కాటాల మేస్త్రి ఎప్పుడో తీర్మానించుకున్నాడు.

గురువారం పొద్దున ఆడవాళ్ల వార్డులో, కోడలి మంచం పక్కన ఇనప స్టూలు మీద కూర్చుని కూడా అదే అనుకున్నాడు. కోడలి చేతికి సెలైను ఎక్కుతోంది. సోమవారం నుంచి వాంతులు. మంచినీళ్లు కూడా కడుపులో నిలవలేదు. తెల్లారి మొహం కడుక్కోబోయి పంపు దగ్గరే కూలబడింది. కొడుకు రెండు చేతులతో ఎత్తి ఆటోలో వేశాడు.

"మీరు వెళ్లండి మామయ్యా. కొట్టు తెరవాలి కదా," అంది కోడలు, కళ్లు తెరవకుండానే.

"కొట్టెక్కడికీ పోదు."

పక్క మంచం మీది ముసలావిడ దుప్పట్లోంచి తల బయటికి పెట్టింది. "తండ్రివా నాయనా?"

"మామని."

"మామవా! కోడలి మంచం పక్కన కాపలా కూర్చున్న మామని ఈ కళ్లతో ఇప్పుడే చూడటం. మా మామైతే నేను చావుబతుకుల్లో ఉన్నప్పుడు గుమ్మంలోంచే, 'ఇంకా ఉందా?' అని అడిగి పోయాడు."

కోడలు నవ్వబోయింది. నవ్వడానికి ఓపిక లేక పెదవులు తడుపుకుంది. మేస్త్రి నవ్వలేదు. అతను నవ్వి చాలా కాలమైంది. నవ్వించాలని చూసేవాళ్లు కూడా మానుకున్నారు.

కొడుకు మందుల చీటీ పట్టుకుని వచ్చేసరికి డాక్టరమ్మ కూడా వచ్చింది. కాగితాలు తిప్పింది. కోడలి నాలుక చూసింది, చేతి మీద చర్మం పట్టి లాగి వదిలింది.

"తిండి లేకుండా షుగరు బిళ్ల కూడా వేసుకున్నావా?"

"వేసుకున్నానండి."

"షుగరు బిళ్లేంటి?" అన్నాడు మేస్త్రి.

కొడుకు తల ఎత్తి ఫ్యాను చూశాడు. వాడు లిఫ్టులు బాగుచేసే మనిషి. తిరిగేది ఏది కనబడినా చూస్తాడు. కానీ ఆ ఫ్యాను తిరగడం లేదు.

"ఈమెకి ఏడాదిగా షుగరు ఉంది. ఒకే ఇంట్లో ఉంటారు, మీకు తెలీదా?" అంది డాక్టరమ్మ.

తెలీదు. తెలిసే దారి అతనే మూసేశాడు. భార్య షుగరుతో పోయిన ఆరేళ్లలో ఆమె పేరు ఎత్తితే ఊరుకునేవాడు గానీ, షుగరు అన్న మాట ఎత్తితే అన్నం ముందు నుంచి లేచిపోయేవాడు. రెండుసార్లు లేచాడు. మూడోసారి ఎవరూ ఎత్తలేదు.

"బరువు తగ్గడానికన్నావు కదమ్మాయ్," అన్నాడు కోడలితో.

"దానిక్కూడా. బరువు తగ్గితే షుగరు దారికొస్తుందన్నారు." ఆమె కళ్లు అప్పటికీ మూసే ఉన్నాయి. "మీతో ఆ మాట అనలేక ఈ మాట అన్నాను."

డాక్టరమ్మకు ఇంటి గొడవలు వినే తీరిక లేదు. "అది తర్వాత మాట్లాడుకోండి. ఆ సూదిమందు పెన్ను మీద రెండో గీత దాటొద్దని చెప్పానా లేదా? నాలుగో గీతకి ఎందుకు తిప్పావ్?"

"తగ్గట్లేదండి. పధ్నాలుగు వారాలు పొడుచుకున్నాను. ఎనభై ఐదు నుంచి ఎనభై నాలుగు. అంతే."

"నువ్వు ఆదివారం ఫోన్లో పంపింది కూడా ఎనభై నాలుగే. ఇవాళ మా కాటా మీద డెబ్భై ఐదున్నర ఉన్నావ్. ఒంట్లో నీరు పోయిందనుకున్నా రెండు కిలోలు పోతుంది. నాలుగు రోజుల్లో ఎనిమిదిన్నర కిలోలు కరగడానికి నువ్వు మంచుగడ్డవా?"

"నేను చూసిందే పంపానండి."

"అయితే మీ ఇంట్లో కాటా అబద్ధం చెబుతోంది."

"మా కాటానా!" కొడుకు ముందూ వెనకా చూడకుండా అందుకున్నాడు. "ఆ ఛాన్సే లేదండి. మా నాన్న స్వయంగా కట్టింది. బజార్లో ప్రతి కొట్టు కాటా ఆయన చేతి కిందే. లారీలు తూచే ధర్మకాటా ఉంది చూడండి, ఆ పేరు మా నాన్నకి పెట్టి పిలుస్తారు."

మేస్త్రి స్టూలు మీద కదల్లేదు.

"సరే. కాటా చెప్పకపోతే మనిషి చెప్పినట్టు." డాక్టరమ్మ కాగితం మీద రెండు వరుసలు రాసింది. "తనకి తోచినట్టు మోతాదు పెంచుకుని, బరువు తప్పు చెప్పేవాళ్ల చేతికి నేను ఈ పెన్ను ఇవ్వను. ప్రాణం మీదికొస్తే నా మెడకి చుట్టుకుంటుంది. ఆపేస్తున్నాను. సాయంత్రం ఐదింటికి వేరే మందులు రాస్తాను."

"ఆపకండమ్మా," అంది కోడలు. అప్పుడు కళ్లు తెరిచింది. "నా షుగరు లొంగింది దీనికొక్కదానికే. మా అత్తయ్యకి ముందు కళ్లు పోయాయి. తర్వాత కాలు. నేను చూశాను. అన్నం నేనే తినిపించాను."

డాక్టరమ్మ వెళ్లిపోయింది. చెప్పుల చప్పుడు వరండా చివరిదాకా వినిపించింది.

కోడలు అబద్ధం చెప్పలేదు. కాటాయే చెప్పింది. దాని చేత చెప్పించింది మేస్త్రి.

అది అతను భార్య కోసం కట్టిన కాటా. పాత కొట్టు కాటాల సామాన్లు ఏరి, పలక అమర్చి, పట్టుకుని నిలబడటానికి పక్కన ఒక కమ్మీ పెట్టాడు. ఆదివారం ఆదివారం ఆమెను దాని మీద నిలబెట్టేవాడు. ఆమెకు చూపు పోయాక అంకె అతనే చదివి చెప్పేవాడు. అరవై ఒకటి. యాభై ఎనిమిది. యాభై రెండు. నలభై ఎనిమిది దాటి కిందికి దిగాక నిజం చదవడం మానేశాడు. "యాభై. నిలకడగా ఉంది," అనేవాడు. ఆమె నమ్మేది. అప్పటిదాకా తూకం విషయంలో అతను చెప్పిన అబద్ధం అదొక్కటే. ఆఖరి ఆదివారం యాభై అన్నప్పుడు కాటా మీద ముప్ఫై తొమ్మిది ఉంది.

తర్వాత ఆ కాటా మీద దుమ్ము పడింది. ఈ మధ్య కోడలు దాన్ని తుడిచి ఎక్కడం మొదలుపెట్టింది. అదీ ఆదివారమే. సన్నబడటానికని ఆ షుగరు సూది వేసుకునే ముందు ఎక్కి, అంకె గట్టిగా పైకి చదివేది. ఎనభై ఐదు. ఎనభై నాలుగు. ఎనభై రెండున్నర. దిగేటప్పుడు ఆమె గొంతులో సంబరం ఉండేది. పక్క గదిలో మేస్త్రి చేతిలో టీ చల్లారిపోయేది.

నాలుగో వారం, శనివారం మధ్యాహ్నం, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, అతను కాటా తిరగేసి మరలు విప్పాడు. అంకెలు దిగకపోతే ఆ పిచ్చి సూది ఆమే మానేస్తుందని తనకు తాను చెప్పుకున్నాడు. ఆదివారం ఆమె "ఎనభై ఐదు" అని నీరసంగా చదివితే, అతను టీ వేడిగా తాగాడు.

మొత్తం నాలుగుసార్లు విప్పాడు. ఆఖరుసారి యాభై ఐదు కిలోల తూకపు రాళ్లు పెట్టి, ఇవి అరవై అని కాటాకి నేర్పాడు.

మధ్యాహ్నం రెండింటికి ఇంటికొచ్చాడు. కొడుకు సెలైను సీసాలు కొనిచ్చి వస్తానన్నాడు. ఈ లోపు గంట చేతిలో ఉంది. రాళ్లున్నాయి, మరలు విప్పే పుల్ల ఉంది. కాటాని దారిలో పెట్టడం పది నిమిషాల పని. తర్వాత ఎవరొచ్చి తూచినా అది ధర్మకాటాయే. కోడలే అబద్ధాలకోరు.

రాళ్లు తెచ్చి కాటా పక్కన పెట్టాడు. పెట్టి, ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. కొడుకు తలుపు తోసేదాకా అలాగే ఉన్నాడు.

"మంచి పని చేశావ్ నాన్నా, రాళ్లు తీసి పెట్టావ్," అన్నాడు కొడుకు. "డాక్టరమ్మ నోరు మూయించాలి. ఇరవై పెట్టు."

మేస్త్రి పెట్టలేదు. కొడుకే పెట్టాడు.

ఇరవై ఒకటీ పాయింట్ ఎనిమిది.

కొడుకు రాయి దించి మళ్లీ పెట్టాడు. అదే. మూడు ఇరవైలు పేర్చాడు. అరవై ఐదున్నర.

"ఇదేంటి?"

"పాతదిరా."

"తేమ పట్టి ఉంటుందా?"

"పట్టి ఉండొచ్చు."

"అంతే అయ్యుంటుంది. పంపు పక్క గోడ." కొడుకు ఊపిరి వదిలాడు. తండ్రికి దారి దొరికిందో లేదో గానీ వాడికి దొరికింది. "పాపం, ఇది చూసుకునే తిప్పేసింది పెన్ను. ఆగు, మూత తీసి చూద్దాం. తేమ ఉంటే తుప్పు కనబడుతుంది."

"నేను చూస్తాలే."

"నువ్వెప్పుడూ అంటావుగా, సొంతదారు ఎదురుగా లేకుండా కాటా విప్పకూడదని. ఇదిగో, సొంతదారు మొగుణ్ని, ఎదురుగానే ఉన్నా."

వాడు పుల్ల తీసుకుని నాలుగు మరలూ విప్పాడు. మూత ఎత్తాడు. తుప్పు లేదు. తేమ లేదు. మూత లోపలి వైపు పెన్సిలుతో నాలుగు తారీఖులు ఉన్నాయి, ఒకదాని కింద ఒకటి, అన్నీ ఈ మూడు నెలల్లోవే.

ఏ కాటా విప్పినా మూత లోపల తారీఖు వేయడం మేస్త్రి అలవాటు. మళ్లీ ఎప్పుడైనా విప్పినప్పుడు దాని వయసు తెలియాలని. నలభై ఏళ్లుగా వేస్తున్న చేయి, దొంగపని చేసేటప్పుడు కూడా యజమానిని అడగలేదు. వేసేసింది.

కొడుకు చాలాసేపు చదివాడు. నాలుగు తారీఖులకి అంత సేపు పట్టదు. జేబులోంచి ఫోను తీసి ఏదో చూశాడు.

"నాలుగూ శనివారాలే," అన్నాడు.

మేస్త్రి తల ఊపాడు.

"తెలిసే చేశారా?"

పుట్టి బుద్ధెరిగాక వాడు తండ్రిని మీరు అనడం అదే మొదలు. మేస్త్రికి మిగతా మాటల కంటే అదే ముందు వినబడింది.

"తెలిసే చేశాను."

"పొద్దున ఆవిడ ముందు ధర్మకాటా, ధర్మకాటా అని నేను ఊగిపోతుంటే విన్నారు కదా. నా పెళ్లాం అబద్ధాలకోరని ఆవిడ రాసుకుంటుంటే చూశారు కదా. నోట్లో నాలుక లేదా?"

"దానికి షుగరని నాకు చెప్పారట్రా?"

"చెప్తే ఏం చేసేవారు? కంచం ముందు నుంచి లేచిపోయేవారు. మీ కోపానికి భయపడి ఏడాదిగా బిళ్లలు బియ్యం డబ్బాలో దాచుకుంటోందది. సొంత ఇంట్లో దొంగలా!"

"నడుము కోసమనుకున్నాను."

"నడుము కోసమే అనుకోండి. అయితే మాత్రం? అది దాని నడుము. మీ కొట్టులో త్రాసు కాదు."



కొడుకు మూత పెట్టలేదు. మరలు నాలుగూ తండ్రి ముందు నేల మీద పెట్టాడు, వరసగా.

"ఐదింటికి ఆవిడ మందు మార్చి రాస్తుంది. ఈలోపు చెప్పేది మీరే. నేను చెబితే కొడుకు తండ్రి మీద చాడీ చెప్పినట్టుంటుంది. పెళ్లాన్ని వెనకేసుకొచ్చాడంటారు. మీరు చెబితేనే ఆవిడ నమ్ముతుంది."

"ఊళ్లో తెలిస్తే నా చేతికి ఎవడైనా కాటా ఇస్తాడట్రా?"

"ఇవ్వరు," అన్నాడు కొడుకు. ఆ మాట అనడంలో కోపం లేదు. సగం ఎక్కిన లిఫ్టు ఆగిపోతే లోపలివాళ్లకి చెప్పినట్టు చెప్పాడు. ఉన్నదున్నట్టు.

నాలుగున్నరకి మేస్త్రి బజారు మీదుగా నడిచాడు. భుజాన కాటా. చేతిలో గోనెసంచి, సంచిలో ఇరవై కిలోల రాయి. అరవై ఏడేళ్ల మనిషికి అది మోసే బరువు కాదు. ఆటో పిలవలేదు.

"ఏం ధర్మకాటా!" పళ్ల కొట్టువాడు కేకేశాడు. "ఎవరిదా కాటా?"

"మా ఇంటిదే."

"మీ ఇంటిదానికే జబ్బా? వైద్యుడింట్లో రోగం అంటే ఇదే! ఏమైందేంటి దానికి?"

"దానికేం కాలేదు," అని సాగిపోయాడు.

డాక్టరమ్మ గదిలో బల్ల ముందు నేల మీద కాటా పెట్టాడు. రాయి తీసి ఆమెకు దాని మీది సర్కారు ముద్ర చూపించాడు. తర్వాత కాటా మీద పెట్టాడు. ఆమె కుర్చీలోంచి వంగి చూసింది.

"ఇరవై ఒకటీ పాయింట్ ఎనిమిది. చెడిపోయింది కదా. పొద్దున అదే అన్నాను."

"చెడిపోలేదు. నేను చెడగొట్టాను."

ఆమె కళ్లజోడు తీసింది.

"కోడలి బరువు తగ్గుతోంది. తగ్గనట్టు చూపించేలా తిప్పాను. నాలుగుసార్లు. ఆదివారం ఆమె అసలు బరువు డెబ్భై ఏడు. ఇది ఎనభై నాలుగు చూపించింది. ఏడు కిలోల అబద్ధం నాది. ఆమె చూసిందే మీకు పంపింది."

"మీరు చేసిన పనికి ఆవిడ ప్రాణం పోయేది, తెలుసా?"

"తెలుసు."

"ఎందుకు చేశారు?"

మేస్త్రి రాయి తీసి సంచిలో పెట్టుకున్నాడు. "ఆమె మందుకి ఆ సంగతి అక్కర్లేదు కదండి."

డాక్టరమ్మ పొద్దుటి కాగితం వెతికి తీసింది. 'బరువు తప్పుగా చెప్పింది' అన్న వరుస కొట్టేసింది. కింది వరుస మీద కలం ఆగింది. కొట్టలేదు.

"నాలుగో గీతకి తిప్పింది మాత్రం ఆమె చెయ్యే. కాటా చెప్పిందని తిప్పింది, నన్ను అడగలేదు. పెన్ను మళ్లీ ఇవ్వాలా వద్దా అన్నది రేపు పొద్దున రక్తం రిపోర్టు చూశాక చెబుతాను. ఈలోపు జరిగింది ఆవిడకి తెలియాలి. మీ నోటితోనే."

వార్డులో కోడలు దిండుకి ఆనుకుని కూర్చుంది. మంచినీళ్లు రెండు గుక్కలు నిలిచాయట. కొడుకు మంచం కాళ్ల వైపు నిలబడ్డాడు. మేస్త్రి స్టూలు మీద కూర్చోలేదు.

నాలుగు వాక్యాల్లో చెప్పాడు. డాక్టరమ్మకి చెప్పినవే. మాట మార్చలేదు, తగ్గించలేదు. కారణం చెప్పకుండా ఆపాడు.

పక్క మంచం ముసలావిడ, "ఓరి నాయనో!" అని దుప్పటి నెత్తి మీదికి లాక్కుంది. కానీ దుప్పట్లోంచి చెవి బయటే ఉంది.

కోడలు చీర అంచు చూసుకుంది.

"నా బట్టలన్నీ వదులయ్యాయి మామయ్యా," అంది చివరికి. "జాకెట్లు రెండుసార్లు కుట్టు వేసుకున్నాను. కోర్టులో టైపు చేస్తుంటే గాజులు మోచేతి దాకా జారేవి. పక్క సీటావిడ 'చిక్కావే' అంటే నన్ను ఓదారుస్తోంది అనుకున్నా. బట్టల్ని నమ్మలేదు, గాజుల్ని నమ్మలేదు, మనిషిని నమ్మలేదు. మీ కాటాని నమ్మాను. ఊరంతా నమ్ముతుంది కదా అని."

మేస్త్రి నిలబడే ఉన్నాడు.

"ఎందుకు?"

మేస్త్రి కాళ్ల దగ్గర దించిన కాటాని చూశాడు.

"అత్తయ్యకి దొరకనిది నాకెందుకనా?"

అందులో సగం నిజం ఉంది. ఆ సగం ఒప్పుకుంటే మిగతా సగం కూడా చెప్పాల్సొస్తుంది. అంకెలు చెప్పాలి. అరవై ఒకటి దగ్గర మొదలుపెట్టి ముప్ఫై తొమ్మిది దాకా చెప్పాలి. చూపు లేని మనిషి కమ్మీ పట్టుకుని నిలబడి, "ఎంతండీ?" అని అడగడం చెప్పాలి. ఆ గొంతు అతని దగ్గర తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. దాన్ని తెచ్చి ఈ వార్డులో, మందుల వాసన మధ్య, తన తప్పుకి సాకుగా పరవడం అతని వల్ల కాదు.

"నా మీద ఏమైనా కోపమా? ఉంటే చెప్పండి. పడతాను. ఎనిమిదేళ్లు ఆ ఇంట్లో ఉన్నాను, ఒక మాట పడలేనా?"

"చెప్పు నాన్నా," అన్నాడు కొడుకు. మీరు పోయి నువ్వు తిరిగొచ్చింది. వాడికి తెలియకుండానే వచ్చింది. "ఏదో ఒకటి చెప్పు."

మేస్త్రి కిటికీ బయటికి చూశాడు. సైకిళ్ల షెడ్డు. వరసగా సైకిళ్లు.

కోడలు సెలైను ఉన్న చెయ్యి కదలకుండా రెండో చేత్తో కళ్లు తుడుచుకుంది. ఆమె గొంతు గట్టిపడింది. "రేపో ఎల్లుండో నన్ను పంపించేస్తారు. కారణం మంచిదైనా వింటాను, చెడ్డదైనా వింటాను. అది వినకుండా ఆ గుమ్మం తొక్కను. మా అమ్మ దగ్గరికి పోతాను. ఈయన వస్తే వస్తారు, లేకపోతే లేదు."

కొడుకు మంచం కమ్మీ పట్టుకున్నాడు. తండ్రి మొహం చూశాడు, భార్య మొహం చూశాడు. ఇద్దరిలో ఎవరూ వాడి వైపు చూడలేదు.

మేస్త్రి వంగి కాటా భుజానికెత్తుకున్నాడు. సంచి చేతిలోకి తీసుకున్నాడు.

"జరిగింది చెప్పాను," అన్నాడు. "డాక్టరుకి చెప్పాను, నీకు చెప్పాను. రేపు బజార్లో ఎవడడిగినా కాదనను. కారణం నాది. నువ్వు వచ్చినా రాకపోయినా, వీడు నన్ను నాన్నా అన్నా మానినా, అది ఇంకొకరి చెవిన పడదు. ఇవాళ్టితో ఈ విషయం మీద నా మాట అయిపోయింది. నేను బతికుండగా మళ్లీ ఎత్తను. మీరూ అడక్కండి."